గుండె చుక్కలు

మద్యనిషేధం నడిచిన ఆ రెండేళ్ళలో జ్ఞానరత్నం మాస్టారి ఊళ్ళో గుండెజబ్బు లేని మగవాడంటూ లేకుండా పోయాడు. ఆత్రేయపురానికి కూతవేటు దూరంలో ఉంది ఆ ఊరు. పొద్దున్నే మాస్టారి వీధి అరుగు మీద జనం బారులు తీరేవారు. ఒకరికి దడ, ఒకరికి ఆయాసం, ఇంకొకరికి ఎడమ చెయ్యి గుంజుతోందట. ఈ కొత్త రోగానికి కారణం కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. మాస్టారి కూతురు ప్రిస్కిల్లా రాజమండ్రిలో ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరరు. పరిశోధన కోసం ఆమె ఆ అరుగు మీద గుండె చుక్కలు ఇప్పిస్తోందనీ, ఆ చుక్కలు గుప్పున సారాయి వాసన కొడతాయనీ ఊళ్ళో పొక్కింది. పూటకి పదిహేను చుక్కలు, అదీ అరగ్లాసు నీళ్ళలో. దాంతో దోమకి కూడా నిషా ఎక్కదు. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

ప్రిస్కిల్లా వాళ్ళందరి చేతికీ బీపీ పట్టీ చుట్టి వడపోసింది. ఆత్రేయపురం డాక్టరు గారు కూడా చూసి, జబ్బు ముదిరినవాళ్ళని పెద్దాసుపత్రికి పంపేశారు. కొద్దిపాటి బీపీ, దడ ఉన్న నలభై మంది మిగిలారు. అందులో సగం మందికి చుక్కలు, సగం మందికి మాత్రలు. రెండింట్లో ఒకటి ఉత్తిదే కావచ్చని ముందే చెప్పింది. మాస్టారి మాట మీద అందరూ తలూపారు, అరటితోటల సత్తిరాజు గారు తప్ప. ఆయనకి నిజంగానే బీపీ ఉంది కాని వంతుకి మాత్రలు వచ్చాయి. తనకి జరిగిన అన్యాయాన్ని ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ చుక్కల అసలు పేరు క్రాటగస్. చలిదేశాల్లో చేలగట్ల వెంట కంచెలా పెంచే హాథార్న్ అనే ముళ్ళచెట్టు పళ్ళని స్పిరిటులో నానబెట్టి తీసిన సారం. పండు రేగిపండంత ఉంటుందట, ఎర్రగా. ప్రిస్కిల్లా ఆ చెట్టుని పుస్తకంలో బొమ్మగా చూసిందే తప్ప ఎన్నడూ కళ్ళారా చూడలేదు. సీసా మాత్రం ఆమె పుట్టకముందు నుంచీ వాళ్ళింటి బీరువాలో ఉంది. మిషను స్కూలు హెడ్మాస్టరుగా ఉంటూనే ఆమె తండ్రి పుస్తకాలు చదివి హోమియో నేర్చుకున్నారు. ముప్పై ఏళ్ళుగా పైసా పుచ్చుకోకుండా ఊరందరికీ మందిస్తున్నారు. గుండె బరువుగా ఉందని ఎవరొచ్చినా ఆయన చెయ్యి తిన్నగా ఆ సీసా మీదకే వెళ్ళేది.

"నాన్నగారూ, ఇది నిజంగా పనిచేస్తుందాండీ?" అని ప్రిస్కిల్లా పరికిణీలు కట్టుకునే వయసులో ఒకసారి అడిగింది.

"తగ్గినవాళ్ళని అడుగమ్మా," అన్నారు మాస్టారు.

ఆ జవాబు ఆమెకి చాల్లేదు. అది చాలకే ఫార్మసీ చదివింది, అది చాలకే పీహెచ్‌డీకి ఆ సారాన్నే పట్టుకుంది. వరిచేలల్లో పట్టుకొచ్చిన కప్పల గుండెల్ని ఉప్పునీళ్ళలో కొట్టుకునేలా అమర్చి, పైన సారం చుక్క వేసి చూసింది. మసి పూసిన కాగితం మీద సూది గీసే గీతలు ఎత్తుగా లేచాయి. ఆ రోజు లాబ్‌లో ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. కాని కప్ప వేరు, అరుగు మీదకొచ్చే పాపాయమ్మ వేరు. మనుషుల్లో చూస్తే తప్ప ఆ ప్రశ్న తెగదు.

నిజానికి అందరికీ చుక్కలే ఇచ్చి, సగం సీసాల్లో ఉత్త స్పిరిటు పొయ్యాలనుకుంది. మందు సీసాకి అడ్డు లేదు కాని, ఆ రోజుల్లో ఉత్త స్పిరిటు సీసాతో రావులపాలెం బస్సెక్కితే దిగేది పోలీస్‌స్టేషన్లోనే. పర్మిట్ల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాక, ఆమె గైడు రమేష్ బాబు గారు ఒక ఉపాయం చెప్పారు. "పోనీ ఉత్తివాళ్ళకి పిండి బిళ్ళలిద్దామమ్మా. స్పిరిటు గొడవే ఉండదు." అలా మాత్రలు వచ్చాయి.

నాలుగు నెలలు గడిచేసరికి చుక్కలవాళ్ళకి బీపీ చక్కగా దిగింది. దడ తగ్గిందన్నారు, నిద్ర పడుతోందన్నారు. మాత్రలవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. రమేష్ బాబు గారు అంకెలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. యూనివర్సిటీ ఆమెకిచ్చిన గడువు జూన్ ఆఖరుతో అయిపోతుంది. ఆ లోపల థీసిస్ అందిస్తే డాక్టరేటు వస్తుంది, కాలేజీలో ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఏళ్ళ తరబడి పడ్డ పాటు గోదాట్లో పోసినట్టే. ఇక రాసెయ్యడమే మిగిలింది. మాస్టారు ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో ముగ్గుర్ని ఆపి మరీ సంగతి చెప్పారు.

పాపాయమ్మ గారి ఆఖరి కొలత ఒక్కటే తక్కువైంది. ఆవిడ పూతరేకులు తీస్తుంది. పెళ్ళి ఆర్డరు మీద ఉండి అరుగు దగ్గరికి రాలేకపోయింది. ఏప్రిల్ ఎండలో ప్రిస్కిల్లా బీపీ మిషను సంచిలో వేసుకుని తనే వాళ్ళింటికి వెళ్ళింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట గుప్పుగుప్పుమంటోంది. పాపాయమ్మ పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద పరిచి లాగితే, రేకు పొరలాగా లేచి వస్తోంది. ఒక రేకుకీ ఇంకో రేకుకీ మధ్య చెయ్యి చాపింది. ప్రిస్కిల్లా పట్టీ చుట్టి చూసింది. బాగా దిగి ఉంది. ఆమె మనసు తేలికపడింది.

కోడలు వీరవేణి కాఫీ తెచ్చి ప్రిస్కిల్లా చేతికిచ్చింది. ఒక్కటే గ్లాసు.

"మీరు తాగరాండీ?" అంది ప్రిస్కిల్లా.

"నాకెందుకండీ, మందు వాడతన్నాను కదా," అంది పాపాయమ్మ, రేకు మీంచి చూపు తియ్యకుండా.

"మందుకీ కాఫీకీ ఏంటండీ సంబంధం?"

"ఆయ్, భలేవారే. చుక్కలు మొదలెట్టిన రోజే మానేసేనండి. అంతకుముందు ఈ పొయ్యి దగ్గర కూచుంటే గంటకో గ్లాసు పడాల్సిందే."

వీరవేణి నవ్వింది. "కాఫీ ఒకటేనా అమ్మాయిగారూ. ఆవకాయ లేదు, మాగాయ లేదు, అప్పడం లేదు. జాడీలన్నీ అటకెక్కించేసింది మా అత్త."

ప్రిస్కిల్లా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఎవరు మానమన్నారండీ?"

"ఒకళ్ళు చెప్పాలాండి? మేస్టారి చుక్కలంటే పథ్యం ఉండాలని చిన్నపిల్లలకి కూడా తెల్సు. అయినా అమ్మగారు గుమ్మంలో నిలబడి అందరికీ చెప్తానే ఉంటారు కదా. కాఫీ వద్దు, పచ్చి ఉల్లిపాయ వద్దు, ఊరగాయ వద్దు అని."

అమ్మగారంటే ప్రిస్కిల్లా తల్లి కరుణమ్మ. మాస్టారు మందు పొట్లం కడుతుంటే ఆవిడ గుమ్మంలోంచి ఆ పథ్యం మాటలు అప్పజెప్పడం ముప్పై ఏళ్ళ ఆచారం. ప్రిస్కిల్లా ఆ మాటలు వింటూనే పెరిగింది. విని విని చివరికి వినపడటమే మానేశాయి.

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా సత్తిరాజు గారింటికి వెళ్ళింది. ఆయన భోజనానికి కూర్చుని ఉన్నాడు. అరిటాకులో ఎర్రగా ఆవకాయ, దాని మీద నూనె తేలుతోంది. పక్కన రెండు అప్పడాలు.

"మీరు పథ్యం ఉండట్లేదాండీ?"

"ఇంగ్లీషు మాత్రకి పథ్యమేంటండీ బాబూ," అన్నాడాయన. "చుక్కలిచ్చుంటే ఉండేవోణ్ణి."

ఆ సాయంత్రమూ మర్నాడూ ప్రిస్కిల్లా మిగతా ఇళ్ళన్నీ తిరిగింది. చుక్కలవాళ్ళందరూ కాఫీ, ఊరగాయ మానేశారు. ఒకాయన చుట్ట కూడా మానేశాడు. మాత్రలవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరూ ఏమీ మానలేదు. ఆఖరి ఇంటి మెట్లు దిగుతూ ఆమె కొలతల పుస్తకం మూసి సంచిలో పడేసింది. బీపీ దించింది ముళ్ళచెట్టు పళ్ళో, ఉప్పూ కాఫీ మానడమో చెప్పే దారి లేదు. పరాయి దేశంవాళ్ళు ఎవరో చేసుంటే తెలీక చేశారనుకోవచ్చు. ఆ గుమ్మంలో పుట్టి పెరిగిన మనిషి చేసింది. ఏడుపు వచ్చింది, దానికంటే ముందు తన మీద తనకి ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున్న రమేష్ బాబు గారి గదిలో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడ్డ మనిషి కాదు. విద్యార్థి గడువు దాటిపోతే తన ఇంట్లో పిల్ల పరీక్ష తప్పినంత బాధపడే రకం. అందుకే చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"బీపీ తగ్గిందా లేదా?" అన్నారు చివరికి.

"తగ్గింది సార్. ఎందుకు తగ్గిందో నేను రాసింది తప్పు."

"తప్పని తేలలేదుగా. మందుకీ కొంత, పథ్యానికీ కొంత అయ్యుండొచ్చు. అడుగున ఒక ముక్క రాసి పడెయ్. థీసిస్ చూసేవాళ్ళు ఎక్కడో ఉంటారు. వాళ్ళకి మీ ఊరి పథ్యాల సంగతి ఏం తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసు కదండీ."

అంతటితో ప్రిస్కిల్లా ఊరుకోలేదు. "నా థీసిస్ నమ్మి రేపెవరో ఈ చుక్కలు వేసుకుంటారు సార్. వేసుకుని ఆవకాయ తింటారు. వాళ్ళకేమైనా అయితే నేనేం చెప్పాలి? మళ్ళీ చేస్తాను. అందరికీ చుక్కలే, అందరికీ పథ్యం. సగం మందికే మందు."

"స్పిరిటు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"స్పిరిటు అక్కర్లేదు. మందుని నీటి ఆవిరి మీద పెట్టి స్పిరిటంతా ఎగరగొట్టేస్తాను. మిగిలిన సారాన్ని గ్లిజరిన్‌లో కలుపుతాను. ఉత్తిదానికి మాడిన బెల్లం, గ్లిజరిన్, కొంచెం చేదు. మొదటే ఇలా ఆలోచించాల్సింది."

ఆయన నిట్టూర్చి, గడువు పెంచమని యూనివర్సిటీకి సిఫార్సు రాశారు. ఆఖరిసారిగా ఒక్క ఏడాది ఇచ్చారు. ఇంకోసారి అడగడానికి మొహం కూడా ఉండదని ఇద్దరికీ తెలుసు. కాలేజీవాళ్ళు ఆమె ఉద్యోగం సంగతి ఏడాది పాటు పక్కన పెట్టేశారు.

లాబ్‌లో పని కష్టమే కాని చేతనైన పని. బెల్లం ఎంత మాడ్చితే ఆ రంగు వస్తుందో కుదరడానికి చాలా గిన్నెలు మాడాయి. ఆఖరికి లాబ్‌లో ఎవరికి రుచి చూపించినా రెండింటికీ తేడా చెప్పలేకపోయారు. సీసాల మీద నంబర్లు రమేష్ బాబు గారు వేశారు. ఏ నంబరు మందో ఏది బెల్లం నీళ్ళో ఆయనకి ఒక్కరికే తెలుసు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. ఆ సీసాలు జ్ఞానరత్నం మాస్టారి చేతి మీదుగా వెళ్ళాలి. వేరే చేతి నుంచి ఆ ఊరు మందు పుచ్చుకోదు.

"నా చేత బెల్లం నీళ్ళు ఇప్పిస్తావా?" అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. ఆయన స్కూల్లో కూడా ఎప్పుడూ గొంతు పెంచలేదు. పిల్లలు అందుకే ఎక్కువ భయపడేవారు.

"సగం మందికి మందే వెళ్తుందండీ, నాన్నగారూ."

"ఏ సగమో నాకు తెలీదు."

"నాకూ తెలీదండి. తెలీకుండా ఉండటమే ఇందులో పద్ధతి."

"ఇచ్చేది మందో కాదో తెలీకుండా ఇచ్చేవాణ్ణి ఏమంటారమ్మా?"

"ఇన్నాళ్ళూ తెలిసే ఇచ్చారా?" అనేసింది ప్రిస్కిల్లా.

అన్నాక నాలుక్కరుచుకుంది కాని మాట వెళ్ళిపోయింది. మాస్టారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. కరుణమ్మ వంటింట్లోంచి వచ్చి కూతురి వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి బియ్యం ఏరుకుంది. ఆ తిట్టని తిట్టు ప్రిస్కిల్లాకి సూటిగా తగిలింది. మాస్టారు సాయంత్రం ప్రార్థనలో ఇంటిల్లిపాదినీ పేరు పేరునా దేవుడికి అప్పగిస్తారు. ఆ సాయంత్రం కూతురి పేరు దగ్గర చాలాసేపు ఆగారు. ఆమె కళ్ళు మూసుకునే ఏడ్చింది. ఏడ్చినా మనసు మార్చుకోలేదు. తండ్రిని నొప్పించినందుకు బాధ ఉంది, అడిగినందుకు లేదు.

మర్నాడు పొద్దున్న తనే అరుగు మీద సీసాలు వరసగా పెట్టుకుని కూర్చుంది. జనం వచ్చారు. వచ్చినవాళ్ళు ఆమె భుజం మీంచి గుమ్మంలోకి చూశారు.

"మేస్టారు ఊళ్ళో లేరాండీ?"

"ఉన్నారండి. సీసా నేనిస్తాను."

"పర్లేదండి, ఆయనొచ్చేకే తీసుకుంటాం," అని కూర్చున్నారు. ఎండ అరుగెక్కింది. ఎవరూ చెయ్యి చాపలేదు, ప్రిస్కిల్లా లేవలేదు. సత్తిరాజు గారు ఒక సీసా మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి మళ్ళీ పెట్టేశాడు. "ఇదేంటండీ, వాసనే లేదు. ఇందులో ఏముంటుందండీ ఇంక?"

అప్పుడొచ్చారు మాస్టారు. కూతురి పక్కన బెంచీ మీద కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కాసేపు సీసాల వంక చూశారు.

"నాకూ దడ ఉంది. నాకూ ఒక నంబరు సీసా ఇవ్వు," అన్నారు. "నేనూ తాగే పనైతేనే వాళ్ళకిస్తాను. ఇన్నాళ్ళూ నేను వాడుకునే మందు బీరువాలో పెట్టి తాళం వేసి తాళం నీకిచ్చేస్తాను."

ప్రిస్కిల్లా సీసా మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆయనకి బెల్లం నీళ్ళు వస్తే? ఏమైనా అయితే? డాక్టరు గారు పరీక్ష చేసి, వారం వారం చూస్తానంటేనే ఆయనకి సీసా ఇస్తానంది.

"అయితే మీరు ముందు కాఫీ మానండి," అంది కరుణమ్మ గుమ్మంలోంచి.

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా కాఫీ మాన్పించిన మనిషి, రోజుకి మూడు పూటలా ఇత్తడి గ్లాసు నిండా తాగుతూనే క్రాటగస్ వేసుకునేవారు. మందిచ్చేవాడికి పథ్యం వర్తించదని ఆయన ఎప్పుడు తీర్మానించుకున్నారో ఆయనకే తెలీదు. ఇప్పుడు మాత్రం రెండింటికీ తలూపి, వరసలో మొదటి సీసా తీసి సత్తిరాజు గారి చేతిలో పెట్టారు.

అది కొత్తావకాయ రోజులు. ఊరంతా మామిడికాయ ముక్కల వాసన, ఆవపిండి ఘాటు. ఆ నెలలో నలభై మందిని ఊరగాయకి దూరంగా ఉంచడం కంటే గోదారికి అడ్డం పడుకోవడం సులువు. ప్రిస్కిల్లా శనివారం శనివారం బస్సు దిగి ఇళ్ళకి వెళ్ళింది. వంటింటి గూళ్ళు చూసింది, తిట్లు తింది, బతిమాలింది. సత్తిరాజు గారి భార్య లోవలక్ష్మి జాడీ తీసుకెళ్ళి పుట్టింట్లో పెట్టొచ్చింది. ఆయన ఆ నెలంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకళ్ళిద్దరు దొంగతనంగా తిని మళ్ళీ తామే వచ్చి చెప్పుకున్నారు. మాస్టారి కళ్ళలోకి చూసి అబద్ధం ఆడటం చేతకాని ఊరది.

అందరికీ తమ సీసా సంగతి తెలిసిపోయినట్టే ఉండేది. పాపాయమ్మ ఒట్టేసి చెప్పింది. "నాది అసలు మందేనండి. మూడో చుక్క నాలిక మీద పడేసరికి గుండె చల్లబడిపోద్ది." మాస్టారు మాత్రం రోజురోజుకీ ముభావంగా తయారయ్యారు.

"నాకిచ్చింది నీళ్ళమ్మా," అన్నారు ఒక శనివారం. "అంతకాలం వాడినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? దీనివల్ల నాకు వీసమెత్తు గుణం లేదు."

"బీపీ తగ్గింది కదండీ."

"అది కాఫీ మానినందుకు. ఈ బెల్లం నీళ్ళకి నేను ఆ పేరు కట్టబెట్టను."

ఆయన కోపంలో కొంచెం న్యాయం కూడా ఉందనిపించి ప్రిస్కిల్లా ఎదురు చెప్పలేదు. తండ్రికి ఉత్త నీళ్ళు పోస్తున్నానేమోనన్న బెంగ వారమంతా రాజమండ్రిలో ఆమెని వదిలేది కాదు. రమేష్ బాబు గారిని ఒక్క మాట అడిగితే చెప్పేస్తారు. రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అడిగితే అంతా చేసిందీ వృథా.

వానాకాలం వెళ్ళేసరికి కొలతలు పూర్తయ్యాయి. రమేష్ బాబు గారు తనే ఊరొస్తానన్నారు. ఇంతమందిని ఇన్ని నెలలు నోరు కట్టించినందుకు, తేలిందేంటో వాళ్ళ ఎదురుగానే చెప్పడం మర్యాద అన్నారు. అరుగు నిండిపోయింది, జనం వీధిలో కూడా నిలబడ్డారు. ఆయన నంబర్లు చదువుతుంటే ప్రిస్కిల్లా పక్కన కూర్చుని అంకెలు రెండు వైపులా వేసుకుంటూ వచ్చింది. సగం దాకా వచ్చేసరికే ఆమెకి అర్థమైపోయింది. మందువాళ్ళకి ఎంత దిగిందో బెల్లం నీళ్ళవాళ్ళకీ అంతే దిగింది.

పెన్ను ఆగిపోయింది. ఇంత మొండిగా నిజం కావాలన్న మనిషి, ఆ నిజం తండ్రి వైపు ఉండాలని లోపల్లోపల ఎంత కోరుకుందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ కోరిక పోయినందుకు దుఃఖం వచ్చింది. పెన్ను మళ్ళీ ఎత్తి మిగతా నంబర్లు కూడా వేసుకుని, రెండు వైపులా ఒక్కలాగే దిగిందని పైకి చెప్పింది.

"పాపాయమ్మ గారిది బెల్లం నీళ్ళు," అన్నారు రమేష్ బాబు గారు.

"అదెలాగండీ," అంది పాపాయమ్మ, నిజంగా అన్యాయం జరిగినట్టు.

"మాస్టారిది మందు."

జ్ఞానరత్నం మాస్టారు విన్నారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ప్రిస్కిల్లా ఆయన మొహం వంక చూడలేకపోయింది.

"అయితే మేస్టారూ," అన్నాడు సత్తిరాజు, ఎప్పుడూ లేనంత మెల్లిగా. "మనం ఇన్నాళ్ళూ వేసుకున్న చుక్కలు ఉత్తివేనాండీ?"

తప్పించుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. స్పిరిటు ఎగరగొడితే బలం పోయిందనొచ్చు. మోతాదు చాల్లేదనొచ్చు. అవి కాదనడానికి ప్రిస్కిల్లా దగ్గర కూడా ఆధారం లేదు. తన థీసిస్‌లో ఆ రెండు మాటలూ ఆమె రాసి తీరాలి కూడా. ఆయన అలా అంటే ఊరు ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి వెళ్ళిపోతుంది.

మాస్టారు లేచి నిలబడ్డారు.

"నాకిచ్చింది అసలు మందే. ఇన్ని నెలలూ తాగాను. నీళ్ళనుకుని మా అమ్మాయిని ఆడిపోసుకున్నాను," అన్నారు. "ముప్పై ఏళ్ళలో మీకు నా దగ్గర తగ్గిన మాట నిజం. దేనివల్ల తగ్గిందో నాకు తెలుసనుకున్నాను. నాకు తెలీదు. ఈ పిల్ల అడిగినప్పుడు తెలుసన్నట్టు జవాబు చెప్పాను, అది తప్పు. ఇది తేల్చినందుకు దీనికి పట్టా ఇస్తారో ఇవ్వరో గాని..."

"ఇస్తారో లేదో నాకూ తెలీదు మాస్టారూ," అన్నారు రమేష్ బాబు గారు. "సంతకం మాత్రం నేను పెడుతున్నాను."

ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుంది, ఈసారి ఎవరు చూస్తారోనని చూసుకోలేదు. తండ్రి చేతి వేళ్ళు పట్టుకుని కిందికి లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆయన కూర్చున్నారు. చెయ్యి విడిపించుకోలేదు.

పాపాయమ్మ ఇంకా తన బాధలోనే ఉంది. "అదంతా సరే గాని అమ్మాయిగారూ, మందు లేకుండానే తగ్గితే మరి నేను దేనికి తగ్గేనండి? కాఫీ మానేనందుకా, ఆవకాయ మానేనందుకా?"

ప్రిస్కిల్లా తన అంకెల కాగితం వంక చూసుకుంది. ఆ రెండింటినీ తను విడదీసి చూడలేదు.

"తెలీదండి," అంది. "అది తేలాలంటే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. సగం మంది కాఫీ మాని ఊరగాయ తినాలి. సగం మంది ఊరగాయ మాని కాఫీ తాగాలి."

అరుగంతా ఒక్కసారి మూలిగింది. రమేష్ బాబు గారు వాచీ చూసుకున్నారు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, జనాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా లెక్కపెట్టినట్టు చూశారు.

"సరే. ఈ స్తంభానికి ఇటువైపున్నవాళ్ళు కాఫీ మానండి. అటువైపువాళ్ళు ఊరగాయ..."

"నన్ను కాఫీలో వెయ్యండి మేస్టారూ," అన్నాడు సత్తిరాజు, గబగబా స్తంభం ఇటువైపుకి జరుగుతూ. "కావాలంటే జన్మలో కాఫీ ముట్టను."

"మీరు పంచకూడదు నాన్నగారూ," అంది ప్రిస్కిల్లా. "ఎవరికి వాళ్ళు కోరుకోకూడదు కూడా. చీటీలు వెయ్యాలి."

మాస్టారు ఒక క్షణం ఆలోచించారు. తర్వాత సబబేనన్నట్టు తలూపి, చీటీలకి కాగితమూ కత్తెరా పట్టుకు రమ్మని కరుణమ్మని లోపలికి కేకేశారు.